కుడి చివరి అంకె

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసు నన్ను జిగణి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి పంపింది. అప్పుడు నేను సీనియర్ టెస్ట్ ఇంజనీరును. ఇనుప రేకులను నొక్కి ఆకారం తెచ్చే ప్రెస్ మిషన్‌కు మా బృందం రాసిన ప్రోగ్రామును పరీక్షించి ఆమోదించడం నా పని. బృందంలో ఆ భాగం రాసిన హరిత కూడా నాతో వచ్చింది. ఆఫీసు దాటి మిషన్ దగ్గర పనిచేయడం ఆమెకు అదే మొదటిసారి.

మిషన్‌లోని ఎనిమిది సెన్సార్లు తమ స్థితిని సున్నాలు, ఒకట్ల వరుసగా పంపుతాయి. ఒక్కో అంకెను బిట్ అంటాం. ముందు తలుపు మూసి ఉంటే దాని బిట్ ఒకటి, తెరిచి ఉంటే సున్నా. సున్నా ఉంటే ప్రెస్ కదలకూడదు. ఆఫీసులో చేసిన పరీక్షలన్నింటిలో ప్రోగ్రాము నెగ్గింది. మధ్యాహ్నం షిఫ్టుకే పని మొదలవ్వాలని ఫ్యాక్టరీ మేనేజరు తొందరపడుతున్నాడు.

అయితే ఆ పరీక్షల్లో అన్నీ ఒకట్లో, అన్నీ సున్నాలో మాత్రమే ఇచ్చారు. నాకు తృప్తి కలగలేదు. ప్రెస్ కింద అట్టపెట్టె పెట్టించి, అందరినీ దూరంగా నిలబెట్టి, ముందు తలుపు ఒక్కటే తెరిపించాను. బటన్ నొక్కగానే ప్రెస్ దిగి పెట్టెను అప్పడంలా అణిచేసింది.

ఆ మిషన్ నడపాల్సిన మునెప్ప ఆనేకల్ వైపు తెలుగువాడు. "తలుపు తెరిచే ఉండాది కదమ్మా! నేను చెయ్యి పెట్టేది ఆడనే," అన్నాడు. మేనేజరు ఇక షిఫ్టు మాట ఎత్తలేదు.

కారణం వెంటనే దొరికింది. మిషన్ తన బిట్లను సున్నాతో మొదలుపెట్టి కుడి నుంచి లెక్కపెడుతుంది. ఆ లెక్కలో సున్నా నంబరు ముందు తలుపుది, అంటే కుడి చివరి అంకె. ప్రోగ్రాము ఆ అంకెలను అక్షరాల వరుసగా తీసుకుంది; అక్షరాల లెక్క ఎడమ నుంచి కాబట్టి అందులో సున్నా స్థానం ఎడమ చివర ఉంటుంది. హరిత దాన్నే చదివించింది. అది నూనె సెన్సారుది, అప్పుడు దాని విలువ ఒకటి.

"ఆయన చెయ్యి పోయేది మేడమ్," అంది హరిత.

"పోలేదు కదా. లాప్‌టాప్ తియ్యి," అన్నాను.

వరుసను అక్షరాలుగా చదవడం మాని, సంఖ్యగా మార్చాం. మనకు కావలసిన స్థానంలో మాత్రమే ఒకటి ఉండే సంఖ్యను మాస్క్ అంటారు. దానితో యాండ్ చేస్తే, అంటే రెండిట్లోనూ ఒకటి ఉన్న చోటే ఒకటి ఉంచితే, ఆ ఒక్క బిట్ తప్ప మిగిలినవన్నీ సున్నాలైపోతాయి. ఫలితం సున్నా వస్తే తలుపు తెరిచి ఉన్నట్టే. హరిత రాసింది, నేను ఎనిమిది సెన్సార్లనూ ఒక్కొక్కటిగా మార్చి చూశాను. తలుపు తెరిచినప్పుడు ప్రెస్ కదలలేదు.

మునెప్ప తానే మళ్లీ మళ్లీ బటన్ నొక్కి చూసుకున్నాడు. "ఇప్పుడు మాట వింటాండాది. రాండమ్మా, కాఫీ తాగుదాం," అని నవ్వాడు. హరిత కూడా నవ్వింది. పని మరునాడు ఉదయం మొదలైంది.

అన్నీ ఒకట్లు, అన్నీ సున్నాలు ఏ వైపు నుంచి చదివినా ఒకటే. అందుకే ఆ తర్వాత, ఒక్కో బిట్‌ను విడిగా మార్చి చూడని ఏ పరీక్షనూ నేను ఆమోదించలేదు.