చిట్యాల దగ్గరి పాము

1976 జూన్‌లో జనగామలోని ఒక సర్కారీ నక్షాల కార్యాలయంలో నాకు ట్రేసర్‌గా పోస్టింగు వచ్చింది. ట్రేసర్ అంటే నక్షా, అంటే ఊళ్ల పటం, తయారుచేసేవాడు కాదు. అది డ్రాఫ్ట్స్‌మన్ పని. ఆయన గీసినదాని మీద అద్దంలా కింది గీత కనబడే ట్రేసింగు గుడ్డ పరిచి, నల్ల ఇంకుతో వెంట్రుకవాసి తేడా లేకుండా ఎక్కించేవాడే ట్రేసర్. ఉన్న వాగును లేదనకూడదు, లేని బాటను ఉందనకూడదు అని మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ మొదటి రోజే చెప్పారు. ఆ మాట నా తలకెక్కింది. మా వ్యాపారాన్ని ముంచబోయింది కూడా అదే.

వ్యాపారం నా దోస్తు యాదగిరిది. అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడినప్పుడు మేమిద్దరం పొద్దస్తమానం అష్టాచెమ్మ ఆడి దోస్తులమయ్యాం. తరువాత అతను మహబూబాబాద్‌లో అక్క మొగుడి రైస్ మిల్లులో చేరాడు. బావ అతన్ని హమాలీలందరి ముందూ "ఓ పనికిమాలినోడా" అని పిలిచేవాడు. అది భరించలేక యాదగిరి జనగామకు వచ్చేసి, ఆటల అట్టలు చేసి అమ్ముతానన్నాడు. దసరాలోపు నిలదొక్కుకోకపోతే తిరిగి మిల్లుకే రావాలని బావ షరతు పెట్టాడు. సర్కారీ నౌకరు వ్యాపారం చేయకూడదు. బొమ్మలు గీయడం వ్యాపారం కిందికి రాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా ఆట పేరు "కాళేశ్వరం ప్రయాణం". వైకుంఠపాళిలాగే వంద గడులు, పాములు, నిచ్చెనలు. జనగామలో బయలుదేరి పరకాల, మొగుళ్లపల్లి, చిట్యాల, భూపాలపల్లి, మహదేవపూర్ దాటి కాళేశ్వరం చేరాలి. సిల్కు గుడ్డ బిగించిన చట్రంలోంచి రంగు లాగి కాగితం మీద అచ్చువేసి, మైదా జిగురుతో దళసరి అట్టకు అంటించేవాళ్లం. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. వేయడానికి నాలుగు గవ్వలు, పావులకు చింతగింజలు ఇచ్చేవాళ్లం.

పాముల తలలు ఎక్కడ పెట్టాలన్నప్పుడు నాలోని ట్రేసర్ లేచాడు. వానాకాలంలో బస్సు నిజంగా ఎక్కడెక్కడ దిగబడుతుందో డ్రైవర్లను అడిగి తెలుసుకుని, సరిగ్గా అక్కడే పెట్టాను. అన్నిటికంటే పెద్దది చిట్యాలకు దక్కింది.

చిట్యాలలో కిరాణా దుకాణం నడిపే రాజమౌళి దసరాకు యాభై అట్టలు తీసుకుంటానని మాటిచ్చాడు. తీరా తీసుకెళ్తే, తన ఊరు ఎక్కడుందో వెతికి మొహం మాడ్చుకున్నాడు.

"ఏంది తమ్మీ, మా ఊరికొచ్చెటోల్లను పాము మింగుతదా? మా బిడ్డకు సంబంధాలు సూస్తున్నం. గిది జూస్తే ఎవడన్న మా గడప తొక్కుతడా?"

"గంతేనా అన్నా, పామును జర జరుపుతం," అన్నాడు యాదగిరి. అతనికి కాదనడం చేతకాదు.

జరిపిన పాము మొగుళ్లపల్లిలో పడింది. అక్కడివాళ్లూ ఊరుకోలేదు. పోనీ ఊళ్ల మధ్య ఖాళీలో పెడితే, ఒక రైతు గడి మీద వేలు పెట్టి, "గీ మలుపు కాడ నా చెల్క ఉన్నదే! కూలోల్లు ఎట్లొస్తరు?" అని లడాయికి దిగాడు. నా నక్షా అంత కచ్చితంగా ఉందని లోలోపల మురిసిపోయాను. యాదగిరి మాత్రం అందరికీ సరేనన్నాడు. చివరికి ఆటలో ఒక్క పామూ మిగలలేదు. ఊరికో నిచ్చెన మొలిచింది.

ఆ అట్టను మళ్లీ చిట్యాల తీసుకుపోతే, రాజమౌళి భార్య లక్ష్మక్క పొయ్యి మీద చాయ్ పెట్టి ఆటకు కూర్చుంది. చాయ్ పొంగకముందే కాళేశ్వరం చేరింది.

"గిదేం ఆటరా అయ్యా, పడుడే లేకపాయె! ఊర్లల్ల వద్దంటే పాములను మీ ఇండ్లల్ల పెట్టుకోరాదుండ్రి," అని అట్టను పక్కకు నెట్టింది.

దసరా మూడు వారాల్లోకి వచ్చింది. తిరుగు బస్సులో యాదగిరి మిగిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ ఆ మిల్లుకు పోవాలేమోనని అతని బాధ.

ఆ వారం నా వృత్తికి ద్రోహం చేశాను. లక్ష్మక్క అన్నట్టే, నా అద్దె ఇంటిని, యాదగిరి ఇంటిని తీసుకుపోయి భూపాలపల్లి అడవిలో గీసి, ఒక్కోదానికి ఒక్కో పామును కాపలా పెట్టాను. తొంభై ఎనిమిదో గడిలో అన్నిటికంటే పెద్ద పాము. అక్కడ ఏం రాయమంటావని అడిగాను. యాదగిరి "బావ రైస్ మిల్లు," అన్నాడు. మహబూబాబాద్ మిల్లు గోదావరి ఒడ్డున! అయినా గీశాను.

రాజమౌళి యాభై తీసుకున్నాడు. వారం తిరగకుండానే మరో యాభై కావాలని కబురు పెట్టాడు. కాళేశ్వరం దాకా వచ్చి మిల్లులో కాలు పెట్టి, పాము నోట్లో పడి జనగామకు జారిన ప్రతివాడూ ఎవరో తెలియని ఆ బావను తిట్టుకుంటున్నాడట.

తిట్లు మహబూబాబాద్ చేరాయి. దసరాకు రెండు రోజుల ముందు బావ స్వయంగా జనగామలో దిగాడు. అట్ట చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఓ పనికిమాలినోడా, నా మిల్లు కాడ పామేందిరా? తీసి నిచ్చెన పెట్టు!"

అచ్చు మారాలంటే నా ట్రేసింగు గుడ్డ మారాలి. దాని మీది ఇంకు గీత పోవాలంటే బ్లేడుతో గీకాలి. యాదగిరి సంగతి తెలుసు కనుక, అతను చెప్పకముందే బ్లేడు చేతిలోకి తీసుకున్నాను.

యాదగిరి జిగురు పూస్తున్న కుంచె ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"పాము జరగదు బావా," అన్నాడు.

బావ బల్ల మీద కూర్చున్నాడు. చాయ్ తెప్పించాం, తాగాడు. మిల్లు మాట మళ్లీ ఎత్తలేదు. పోతూ పోతూ, మీ అక్కకు చూపిస్తానని ఒక అట్ట చంకన పెట్టుకుని పోయాడు.

ఆ తరువాత డ్రాఫ్ట్స్‌మన్‌ను అయి రిటైరయ్యేదాకా, ఫలానా బాట గీతను జర జరపమని నా బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. అందరి కోసం జరిపిన నక్షా ఎవరికీ పనికిరాదని అప్పటికే నేర్చుకున్నాను. పామును ముందు మన ఇంటి ముందే గీసుకోవాలి. ఎదుటివాడితో జరగదని చెప్పడానికి నోరు వచ్చేది ఆ తరువాతే.