లైన్లో ఎవరో ఉన్నారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరం ఎక్కువగా అనుమానించిన మనిషిని మేమెవరం కళ్లతో చూడలేదు. ఆవిడ కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మ ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరు. మేమేమో న్యూజెర్సీలో ఉండేవాళ్లం.

నాకప్పుడు పదేళ్లు. ఆ రోజుల్లో మా ఊరికి ఫోనంటే నంబరు నొక్కగానే మాట్లాడేసే పని కాదు. ఇక్కడి ఆపరేటరుకు చెప్పి కాల్ బుక్ చేస్తే, లైను దొరికాక వాళ్లే మనకు రింగ్ ఇచ్చేవారు. అక్కడంతా సర్కారు ఫోన్లే. అమ్మమ్మ మా మామయ్య దగ్గరే ఉండేది; ఆయన హైస్కూలు హెడ్మాస్టరు, అయినా అర్జీ పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ ఆయన ఇంటికి ఫోను రాలేదు. నెలకోసారి శనివారం పొద్దున, అంటే అక్కడి సాయంత్రం, ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన మా లైనును చివరికి ఆవిడే చేత్తో కలిపి, "అమెరికా కాలండీ, మాట్లాడండి" అనేది.

మా నాన్నకు అనుమానం జాస్తి. మెకానిక్ కారు బాగుచేసి ఇస్తే, తీసేసిన పాత పార్టు చూపించమనేవారు. ఆయన పోలిక అచ్చంగా నాకే వచ్చిందని అమ్మ విసుక్కునేది. ఆ ఆపరేటరు లైను కలిపాక తప్పుకోకుండా మా ఇంటి సంగతులన్నీ వింటోందని ఆయన గట్టి నమ్మకం. లైన్లో ఎవరిదో ఊపిరి వినిపించేది మరి.

ఆ ఊపిరి నాది. పడకగదిలో మాకు ఇంకో ఫోను ఉండేది. హాల్లో అమ్మ మాట్లాడుతుంటే నేను పిల్లిలా వెళ్లి ఆ రిసీవరు ఎత్తేదాన్ని. పెద్దవాళ్లు నా దగ్గర ఏదో దాస్తున్నారని నా అనుమానం నాది.

ఒక శనివారం, బుక్ చేసిన మూడు నిమిషాలూ అయ్యాయని చెప్పడానికి ఆవిడ లైన్లోకి రాగానే నాన్న అమ్మ చేతిలోంచి ఫోను లాక్కున్నారు. "ఏమ్మా, మా మాటలు వింటూ కూర్చుంటావా? నీమీద పై వాళ్లకు కంప్లయింట్ రాస్తాను" అన్నారు. ఆవిడ మెల్లగా, "నేను కాదండీ" అంది. నాన్న నమ్మలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత అమ్మమ్మ ఫోను దగ్గరికి రావడం మానేసింది. ఒకసారి పక్క ఊరి చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లిందన్నాడు మామయ్య. ఇంకోసారి పిన్ని ఇంట్లో ఉందన్నాడు. మూడోసారి, నిద్రపోతోంది, లేపడం ఎందుకులే అన్నాడు. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మా అమ్మమ్మ నడుం వాల్చదని నాకే తెలుసు. అమ్మకు తెలియకపోతుందా? తెలిసినా, నమ్మడమే తేలికనిపించినట్టుంది. సరేనని ఫోను పెట్టేసింది. అవతల మామయ్యా పెట్టేశాడు. నేను పెట్టబోతుండగా ఆవిడ గొంతు వినిపించింది.

"పెట్టెయ్యకు పాపా."

రిసీవరు రెండు చేతుల్తో పట్టుకున్నాను.

"ఆ రోజూ నువ్వేనని నాకు తెలుసులే. మీ నాన్నగారికి చెప్పలేదు. అమ్మని ఒకసారి పిలువు."

పిలిస్తే నేను దొరికిపోతాను. నాన్న తిట్టినందుకు నామీద పగ తీర్చుకుంటోందేమో అనుకున్నాను. "వై? ఎందుకు?" అన్నాను.

"అమ్మమ్మంటే నీకు ఇష్టమేనా?"

"యా."

"అయితే పిలువమ్మా, లైను పోతుంది."

ఆ గొంతు వణుకుతోంది. అప్పుడిక అనుమానించబుద్ధి కాలేదు. పరుగెత్తుకెళ్లి అమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. పడకగదిలో అమ్మ పక్కనే నిలబడి, రిసీవరుకు చెవి ఆనించి విన్నాను.

"అమ్మగారు రెండు నెలలుగా మంచంలోనే ఉన్నారండి, పది రోజుల్నుంచి బెజవాడ ఆస్పత్రిలో ఉన్నారు. హెడ్మాస్టరు గారు రోజూ అక్కడికి చేసే కాల్ నేనే కలుపుతున్నాను. అంత దూరంలో ఉన్నారు, కంగారు పడతారని మీకు చెప్పట్లేదు. నేనూ చెప్పకూడదండి, ఉద్యోగం పోతుంది. కానీ రాగలిగితే త్వరగా రండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

అమ్మ అక్కణ్ణుంచే నాన్నను కేకేసింది. విషయం తెలిసి నాన్న అన్న మొదటి మాట, "చూశావా, వింటోందని నేను అననే అన్నాను." అప్పుడు చెప్పేశాను. "నో నాన్నా, ఆ బ్రీతింగ్ నాది." తిడతారేమోనని భయపడ్డాను. ఆయన లేచి వెళ్లి, బల్ల సొరుగులోంచి ఆ వారమే రాసి, స్టాంపు అంటించి, పోస్టుకు సిద్ధంగా ఉంచిన కంప్లయింట్ కవరు తీసి, నాలుగు ముక్కలు చేశారు. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంకో వారం నేను నోరు విప్పకపోయి ఉంటే ఆ కవరు వెళ్లిపోయేది.

అమ్మ ఆ మంగళవారమే బయల్దేరింది. అమ్మమ్మ ఆమెను గుర్తుపట్టింది, చెయ్యి వదలకుండా ఆరు రోజులు మాట్లాడింది, ఆ తర్వాత కన్నుమూసింది. మాకు కబురు చేరవేసింది వాళ్ల చర్చి పాస్టరుగారేనని మామయ్య తాను పోయేదాకా అనుమానిస్తూనే ఉన్నాడు. అమ్మ అవుననలేదు, కాదనలేదు.

అమ్మ తిరిగొచ్చాక చేసిన మొదటి కాల్‌లో, ఆవిడ "మాట్లాడండి" అనగానే నాన్న, "ఒక్క నిమిషం అమ్మా, మా అమ్మాయి మీతో మాట్లాడాలట" అని ఫోను నా చేతికిచ్చారు. తెలుగులో నాలుగు వాక్యాలు బట్టీ పట్టాను గానీ నోట్లోంచి "సారీ ఆంటీ" ఒక్కటే వచ్చింది. "పర్లేదమ్మా, మీ మామయ్య లైన్లో ఉన్నారు" అని ఆవిడ తప్పుకుంది.

అనుమానం నన్ను ఈ వయసులోనూ వదల్లేదు. మనవలు గ్లాసు పగలగొట్టినా, చర్చిలో ఎవరిమీదైనా నింద పడినా, ముందు చెవులు రిక్కించేది నేనే. కాకపోతే ఎవరైనా "నేను కాదండీ" అంటే, ఇప్పుడు ఆ మనిషి మొహంలోకి చూడను. నిజం తెలిసీ మాట్లాడకుండా నిలబడ్డవాళ్లు ఆ గదిలో ఎవరున్నారా అని చూస్తాను. చాలాసార్లు ఉంటారు.