రెండు పిడికిళ్ళ కందిపప్పు

ఇల్లు మారేవాళ్ళు పంచాంగం చూస్తారు. మా ఆవిడ పప్పు చూసింది. ఆ సంగతి చెబితే నా తెలివి ఏపాటిదో బయటపడుతుందని తెలుసు. అయినా ఈ వయసులో దాచుకోదగ్గవి నా దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు.

అప్పట్లో మేము మదురైలో ఉండేవాళ్ళం. ఎన్నో తరాల కిందట దక్షిణాదికి దిగివచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. వచ్చినవాళ్ళలో కొందరు కత్తి పట్టారు, కొందరు నాగలి పట్టారు. నా దాకా వచ్చేసరికి పట్టుకోవడానికి కలం ఒక్కటే మిగిలింది. కుంపిణీ వారి కచేరీ బయట వేపచెట్టు కింద చాప పరుచుకొని, తగువులున్న వాళ్ళకు అర్జీలు రాసిపెట్టేవాణ్ణి. ఇల్లు మాత్రం పెద్దల నాటిది, సొంతం. మూరెడు మందం మట్టి గోడలు, పెంకుల కప్పు, పెరట్లో బావి. ఆ బావి నీళ్ళు తియ్యగా ఉంటాయని ఊళ్ళోవాళ్ళు అనేవారు. పుట్టినప్పటి నుంచి అవే తాగినవాణ్ణి, నీళ్ళకు ఇంకొక రుచి కూడా ఉంటుందని నాకు తెలియదు.

చిక్కంతా ఎండతో వచ్చింది. కచేరీలో కుంపిణీ, ఇంట్లో కుంపటి. అదీ మా మదురై వేసవి. నేను తట్టుకొనేవాణ్ణి. మా ఆవిడకు పడలేదు. మొదటి ఏడు చిత్తిరై నెలలో, నడివేసవిలో, నీరసమన్నది. మరుసటి ఏడు తిన్నది నిలవలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మూడో ఏడు వంటింట్లో పొయ్యి ముందే పడిపోయింది. తడిగుడ్డలు కప్పి, విసనకర్రతో విసిరి విసిరి నా చెయ్యి పడిపోయాక గాని కళ్ళు తెరవలేదు. వైద్యుడు ముసలాయన. నాడి పట్టుకొని చూశాడు, కనురెప్పలు ఎత్తి చూశాడు.

"ఈ ఒంటికి ఈ వెయిల్ ఒప్పలేదప్పా," అన్నాడు చివరికి. "దీనికి నా దగ్గర మందు లేదు. ఇంకొక చిత్తిరై ఈమెను ఈ ఊర్లో ఉంచొద్దు. చల్లగాలి ఉండే చోటికి పిలుచుకొని పో."

"పోకుంటే?" అన్నాను.

ఆయన మందుల సంచి చుట్టుకొని లేచాడు. జవాబు అర్థమైంది, మా ఆవిడకు మాత్రం చెప్పలేదు.

చల్లని ఊరంటే మా వాళ్ళందరూ కోయంబత్తూరే చెప్పేవారు. పడమటి కొండల సందులోంచి అక్కడికి గాలి వస్తుందట. మా జనం అక్కడా ఉన్నారు. కచేరీ ఉంది, కాబట్టి తగువులూ ఉంటాయి. తగువులు లేని ఊరు నా పొట్టకు పనికిరాదు. పోతే, అక్కడ ఇళ్ళ అద్దె ఎక్కువని విన్నాను. ఇక్కడి ఇంటిని మేలూరులో ఉన్న మా చిన్నాన్న కొడుక్కి అద్దెకిస్తే వచ్చేది కొంచెం. అక్కడ కట్టాల్సింది ఎంతో తెలియదు. ఏం తోచక, నాకు చేతనైన పనే చేశాను. నాకు నేనే ఒక అర్జీ రాసుకొన్నాను. వాది మదురై, ప్రతివాది కోయంబత్తూరు. గాలి ఎవరి పక్షం, గోడ ఎవరి పక్షం, అద్దె ఎవరి పక్షం, అన్నీ వివరంగా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను.

"ముగిసిందా?" అంది.

"ముగిసింది."

"నీళ్ళేవి?"

"నీళ్ళా?"

"ఆమా, నీళ్ళు. గాలి రాసినారు, గోడ రాసినారు, వాడగ రాసినారు. ఆ ఊర్లో తాగేదేమి, మీ సిరానా?"

ఇల్లు చూసి రావడానికి నేను బయలుదేరిన నాడు తను లోపలికి వెళ్ళి రెండు పిడికిళ్ళ కందిపప్పు రెండు చిన్న మూటలుగా కట్టి తెచ్చింది. "ఏ ఇల్లు చూసినా ఆ ఇంటి బావి నీళ్ళతో ఒక మూట ఉడికించి చూడండి. మెత్తగా అయితే నీళ్ళు మంచివి. పలుకుపలుకుగా నిలిచిపోతే, ఇల్లు బంగారమైనా సరే, వద్దని వచ్చేయండి," అంది. వాళ్ళ అమ్మ అలాగే చూసేదట, అమ్మమ్మ కూడా. దాహంలో నాలుక మోసపోతుంది గాని పప్పు మోసపోదని వాళ్ళ లెక్క.

ఆడి నెలలో, ఆషాఢపు గాలుల్లో వెళ్ళాను. పళని దాటిన నాటి నుంచి ఎదురుగాలి. బండిలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే వణికాను. కోయంబత్తూరు పొలిమేరలో నా తలపాగా ఎగిరిపోయింది. దాని వెంట పరుగెత్తి, ఊరి జనం చూస్తుండగా ఒక జొన్న చేలో పట్టుకొన్నాను. ఆ ఊళ్ళో నా తొలి పరిచయం అది. కానీ ఆ గాలి! మదురైలో ఇలాంటిది పూటకొకసారి వీస్తే పల్లకీ ఎక్కించి ఊరేగించేవాళ్ళం.

రెండు ఇళ్ళు చూశాను. మొదటిది పేట నడుమ, ఒక వర్తకుడిది. గోడకు గోడ ఆనుకొన్న ఇళ్ళు, గాలి రావాలన్నా అడిగి రావాలి. బేరం మాట కాబట్టి మొహమాటపడకుండా మొదటి మూట ఇచ్చాను. బావి నీళ్ళు నా కళ్ళ ముందే తోడారు. పప్పు చక్కగా ఉడికింది. అద్దె మాత్రం మా మదురై ఇంటి మీద వచ్చేదానికి మూడింతలు చెప్పాడు.

"అంత అద్దెనా?" అన్నాను.

"ఇంటికి కాదు స్వామీ, బావికి," అన్నాడాయన. వర్తకులు అలాగే అంటారులే అనుకొన్నాను.

రెండోది ఊరికి పడమటి చివర. వాకిలి కొండలకు ఎదురుగా ఉంది. తలుపు తీస్తే గాలి మనకంటే ముందే లోపలికి వచ్చి కూర్చుంటుంది. అద్దె ఆ వర్తకుడు అడిగినదాంట్లో మూడో వంతు కూడా లేదు. ఇంత తక్కువ ఎందుకా అని ఆలోచించాను. ఆలోచించకుండా పప్పులో కాలేసే మనిషిని కాను, ఆలోచించే వేస్తాను. దుమ్ము పడుతుందని, దీపం నిలవదని ఈ ఊరివాళ్ళకు గాలంటే విసుగు, అందుకే చవక అని తేల్చుకొన్నాను. గాలికి వెల కట్టడం తెలియని అమాయకులు పాపం, మదురైవాడి ముందు నష్టపోతున్నారని లోలోపల జాలి కూడా పడ్డాను.

ఇంటావిడ మా జనమే. భర్త పోయాక సగం ఇల్లు తాను ఉంచుకొని సగం అద్దెకిస్తోంది. నేను తెలుగులో నోరు తెరిచేసరికి ముఖం విప్పారింది.

"అయ్యో, మదురై నుంచా! మా పెద్దమ్మను ఆ పక్కే ఇచ్చినారు. రా తంబీ, ఎండలో నిలబడుకోవద్దు."

"ఎండ ఎక్కడుందక్కా? నాకు చలేస్తా ఉంది."

"ఇదా చలి! మార్గళిలో వచ్చుంటే ఏమనేవాడివో. కూర్చో. తినే పోవాల."

రెండో మూట చేతిలోకి తీసుకొన్నాను. తంబీ అని పిలిచి తినిపొమ్మన్న మనిషితో, అక్కా, మీ బావి మీద నాకు అనుమానం అని ఎలా అనడం? పొద్దున లేస్తే ఊరందరి నేరారోపణలు రాసే నాకు, నా సొంతానికి ఒక్కటి నోట రాలేదు. "మా ఇంటిది పంపిందక్కా. ఈ పప్పు కాస్త వండి పెడతారా?" అని ఊరుకొన్నాను.

"సరిపోయింది! విరుందు తినేకి వచ్చినోడు పప్పు తెచ్చుకొనేది ఇప్పుడే చూస్తా ఉండాను. మదురైలో ఇదేనా మర్యాద?" అని నవ్వుతూ మూట లోపలికి తీసుకుపోయింది.

పప్పు వచ్చింది. వేలు తగిలితే చాలు, కరిగిపోయింది. నేనూ కరిగిపోయాను. చెయ్యి కడుక్కొని బయానా ఇచ్చేశాను.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది. "బావి నీళ్ళతోనే కదా?"

"మరి దేనితో ఉడుకుతుంది, నా మాటలతోనా?"

తను నా వంక కాసేపు చూసింది. మెచ్చుకోలు అనుకొన్నాను.

మేలూరు తమ్ముడు మా ఇంట్లో దిగాడు. మాసి నెలలో, ఎండలు ముదరకముందే, మేము బండి కట్టుకొని వచ్చేశాం. దారిలో తను ఎక్కువగా పడుకొనే ఉంది. చేరిన మర్నాడు పొద్దున్నే లేచి, బావి తోడి, పొయ్యి మీద పప్పు పెట్టింది. మధ్యాహ్నమైంది. తెచ్చిన కట్టెలన్నీ బూడిదయ్యాయి. ఒక పలుకు తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కి నాకు చూపించింది. అది చిట్లి ఎగిరి గోడకు తగిలింది. నా పప్పులు ఉడకలేదనడానికి అంతకన్న సాక్ష్యం ఏ కచేరీ అడగదు.

పొగకు దగ్గుతూ ఇంటావిడ వచ్చింది. "ఏమమ్మిణీ, పొద్దున్నుంచీ పొయ్యి మండతానే ఉంది?"

"పప్పు ఉడకలేదు వదినా," అంది మా ఆవిడ.

"ఏ నీళ్ళు పోసినావు?"

"బావివి."

"అయ్యో తల్లీ! ఉప్పు నీళ్ళలో పప్పు ఉడుకుతుందా? అవి గిన్నెలు కడుక్కొనేకి. ఈ పక్క బావులన్నీ అంతే. వంటకు నీళ్ళామె బిందెలు తెస్తాది, దుడ్డిచ్చి పోయించుకోవాల."

"మరి ఆ పొద్దు మీ తంబికి ఎట్ల ఉడికింది?"

"విరుందు వచ్చినోడికి ఉప్పు నీళ్ళతో వండి పెడతానా? ఆ దినం రెండు బిందెలు ఎక్కువ కొన్నాను. ఎందుకు అడుగుతావు?"

మా ఆవిడ మూట సంగతి చెప్పేసింది. ఇంటావిడ నా వైపు తిరిగింది. కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువ కనిపించింది.

"నన్ను సోదించేకా తంబీ ఆ పప్పు తెచ్చింది? ఒక మాట అడిగుంటే చెప్పనా? వాడగ ఎందుకు తక్కువని కూడా అడగలేదే!"

"గాలికని అనుకొన్నానక్కా."

"గాలికా!" అని ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ముందు నవ్వింది మా ఆవిడ. మూడేళ్ళుగా ఆ నవ్వు విని ఎరుగను. పొట్ట పట్టుకొని, కళ్ళు తుడుచుకొని, నవ్వు ఆగాక గట్టిగా ఊపిరి పీల్చింది. ఆయాసం వస్తుందేమోనని దగ్గరికి వెళ్ళాను. రాలేదు. ఇంటావిడ ఆ పూటకు తన కుండలోంచి మంచినీళ్ళు పోసిచ్చింది.

సాయంత్రం ఆ వర్తకుడి దగ్గరికి పోయాను. అద్దెలో ఒక్క కాసు తగ్గించనన్నాడు. అంత కట్టాలంటే మదురై ఇల్లు అమ్మాలి. అమ్మేద్దామని వచ్చి చెప్పాను.

"అమ్మేస్తే తిరిగి పోయేకి చోటేది?" అంది మా ఆవిడ. గాలికి ఎదురుగా వాకిట్లో కూర్చొని ఉంది. "ముందు ఈ చిత్తిరై పోనీండి. నేను నిలిస్తే కదా ఇల్లు. నీళ్ళ మాట అప్పుడు చూస్తాము."

వైద్యుడి మాట తనకు తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

రోజూ నీళ్ళు కొనాలంటే నేను రోజుకొకరికి కొత్త తగువు పెట్టాలి. అర కోసు దూరంలో, ఏటి కాలువ పక్క తోటలో తియ్యటి బావి ఉందని ఇంటావిడ చెప్పింది. తప్పు నాది కాబట్టి బిందె నాదైంది. నెత్తిన పెట్టుకొంటే మెడ నిలవదు, చంకన పెట్టుకొంటే నడుము నిలవదు. సగం నీళ్ళు దారికి పోసి సగం ఇంటికి తెచ్చేవాణ్ణి. బావి దగ్గర ఆడవాళ్ళు దారి ఇచ్చేవారు కాదు.

"ఎవరే ఇది, కొత్త కోడలా?"

"కొత్త కోడలే. మీసాలతో వచ్చింది, చూడు."

చిత్తిరై వచ్చింది. పొద్దున లేవగానే నేను తన పెదవుల వంక చూసేవాణ్ణి, ఎండిపోయాయా అని. నేను చూస్తున్నానని తను చూసేది. ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాము. మధ్యాహ్నం ఇక్కడా ఎండే, అబద్ధమెందుకు. కానీ పొద్దు వాలేసరికి కొండల సందులోంచి గాలి లేచి పడమటి వాకిట్లోంచి ఇల్లంతా నిండేది. వచ్చే గాలి ఊరికే రాదు, దుమ్ము కూడా తెస్తుంది. అన్నంలో పళ్ళకింద కరకరమనేది. వదినామరదళ్ళు ఇద్దరూ కూర్చొని జొన్నదంట్లతో ఒక తడిక అల్లి వాకిటికి అడ్డం కట్టారు. గాలి వడబోసుకొని వచ్చేది.

పది రోజులు గడిచాయి. ఒక ఉదయం నేను బయలుదేరుతుంటే తను చెంబు పట్టుకొని వెనకే వచ్చింది. వద్దన్నాను. "చెంబే కదా," అంది. నాలుగు రోజులకు చెంబు తప్పేలా అయింది. తర్వాత బిందె తనది, తప్పేలా నాది. కొత్త కోడలికి తోడు దొరికిందని బావి దగ్గర వాళ్ళు సంబరపడ్డారు.

ఎండలు ముదిరిన రోజులూ వచ్చాయి. అగ్ని నక్షత్రమంటారు ఆ రోజులను. గతేడు ఇవే రోజుల్లో తను పొయ్యి ముందు పడి ఉంది. ఆ రోజుల ఆఖరి ఉదయం మేము బావి నుంచి వస్తున్నాం. తను ముందు, నిండు బిందెతో. నేను వెనక, ముప్పావు తప్పేలాతో. మెట్ట ఎక్కుతూ తను మాట్లాడుతూనే ఉంది. మేలూరు వాళ్ళకు జాబు రాయాలట, ఇల్లు ఇంకొక ఏడు ఉంచుకోమని. అమ్మేది లేదట, ఆ మదురై బావి ఉండాలట, ముసలితనానికి. పప్పు నానబెట్టి వండితే కట్టెలు మిగులుతున్నాయట. మాట మధ్యలో ఎక్కడా ఊపిరి తెగలేదు. నేను ఊ కొట్టలేకపోతున్నానని కాసేపటికి గాని గమనించలేదు. ఆగి వెనక్కి తిరిగింది.

"ఏమి, మీకు ఆయాసమా? అట్ల గట్టు మీద కూర్చోండి."

కూర్చున్నాను. రెండేళ్ళు తనలో కాపురమున్న ఆయాసం ఇల్లు మారి నాలో దిగినట్టుంది. అద్దె అడగాలనిపించలేదు. తను బిందె దించకుండానే నిలబడి, నేను తేరుకొనేదాకా కొండల వైపు చూస్తూ ఉంది.