ఆమె నాకు చెప్పని భయం

గవర్నర్‌పేటలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఉండేది కంకిపాడులో. పొద్దున్నే బస్సు పట్టుకుని విజయవాడ వచ్చేస్తాను. రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు పైకి పంపడం, చాలా ఏళ్ళుగా ఇదే పని. ఎవరికి ఏ జబ్బు ఉందో వాళ్ళకంటే ముందు నాకు తెలిసిపోతుంది. లోపల మిషను అంకెలు చూపిస్తుంటే, ఆ మనిషి బయట బెంచీ మీద కూర్చుని ఎవరితోనో పెళ్ళి భోజనాల గురించి ఫోన్లో మాట్లాడుతూ కనిపించేవాడు. అలాంటి ముఖాలు సాయంత్రం నాతోపాటే ఇంటికి వచ్చేవి.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, నా భార్య, ఇంటర్ చదివే మా అమ్మాయి. అమ్మాయి దగ్గిందంటే నా ఆలోచన ఊపిరితిత్తుల దాకా పోయేది. నా భార్య మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చిందని తెలిస్తే, నీరసం ఎందుకొచ్చిందో అని మర్నాడంతా అదే ధ్యాస. కొన్ని నెలలకోసారి సిరంజీలు, ట్యూబులు ఇంటికి తెచ్చి, పరగడుపున ఇద్దరికీ రక్తం తీసేవాణ్ణి. అమ్మాయి చేయి చాపి ముఖం అటు తిప్పుకునేది. రిపోర్టులు బాగా వస్తే కొన్నాళ్ళు హాయిగా ఉండేది. తర్వాత ఆ పరీక్షల్లో దొరకని జబ్బులు ఒక్కొక్కటే గుర్తుకొచ్చేవి.

ఒకసారి నా భార్య చేయి వెనక్కి తీసుకుంది. "మా ఒంట్లో రక్తమంతా తీసినా మీ దిగులు తీరదండీ," అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. మరుసటి వారం మళ్ళీ బతిమాలి తీశాను.

మాది తాతల నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ముగ్గురం కూర్చుని జపం చెప్పుకోవడం అలవాటు. నా వంతు వస్తే చాలాసేపు పట్టేది. గుండె కాపాడు, కళ్ళు కాపాడు, రోడ్డు మీద లారీల నుంచి కాపాడు, షుగరు రాకుండా చూడు అంటూ దేవుడికి ఒక్కటీ మరిచిపోకుండా చెప్పేవాణ్ణి. అమ్మాయి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకునేది. "మీరు ప్రార్థన చేయట్లేదండీ, రిపోర్టు చదువుతున్నారు," అనేది నా భార్య.

ఆమె ప్రార్థన పొట్టిగా ఉండేది. మాటలు తక్కువ, పాట ఎక్కువ. మా ఊరి చర్చిని మేం గుడి అనే అంటాం. అక్కడ ఆదివారం పూజకి పాటలు ఎత్తుకునేది ఆమే.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక, మెడలో గొలుసు కొక్కెం ఊడిరాక అమ్మాయిని పిలిచింది. అమ్మాయి కొక్కెం తీస్తూ, "అమ్మా, ఇక్కడేంటి ఉబ్బినట్టుంది?" అంది. నేను ఆ గదిలోనే పేపరు చదువుతున్నాను. లేచి వచ్చి వేళ్ళతో తడిమాను. గొంతుకి ఒక పక్కన చిన్న గడ్డ. గుటక వేయమంటే గుటకతో పాటు పైకి కదిలింది.

అమ్మాయిని పెరుగు తెమ్మని కొట్టుకి పంపించి, నా భార్య మంచం మీద కూర్చుంది. ఎప్పటి నుంచి ఉందని అడిగాను. ఎండాకాలం నుంచి, అంది. ఇంతకాలం ఆమె రక్తంలో ప్రతి బొట్టూ పరీక్ష చేశాను. థైరాయిడ్ రిపోర్టు ప్రతిసారీ నార్మలే వచ్చింది. ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి మెడని మాత్రం చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

ఆమె కాసేపు చీర అంచు సర్దుకుంది. "మీకు చెబితే మళ్ళీ మిమ్మల్ని నేనే ఓదార్చాలి కదండీ. నా భయం ఒక్కటైతే మోసుకోగలను. రెండూ మోయలేననిపించింది."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిజమే కాబట్టి నాకు తట్టుకోవడం కష్టమైంది. నేను కాపలా కాస్తున్నానని అనుకున్నాను. నా కాపలా చూసి ఆమె ఎండాకాలమంతా భయాన్ని ఒంటరిగా దాచుకుంది.

ఆ వారంలోనే డాక్టరుగారికి చూపించాం. స్కాన్ తీశారు. గడ్డలోకి సన్నని సూది గుచ్చి కొంచెం నమూనా తీసి గాజు స్లైడుల మీద పూశారు. ఆ స్లైడులు పరీక్షకి వచ్చేది మా సెంటర్‌కే. రిపోర్టుకి కొన్ని రోజులు పడుతుందన్నారు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున గుణదలలో ఒక పెద్దాయనకి ఇంటికి వెళ్ళి రక్తం తీయాల్సి వచ్చింది. తీసి, ట్యూబులు ఐసు పెట్టెలో సర్దుకుని బయటికి వచ్చాను. ఎదురుగా కొండ. చిన్నప్పుడు మా అమ్మ మేరీమాత ఉత్సవానికి నన్ను చంకనెత్తుకుని ఆ కొండెక్కేదట. ఆలోచించకుండానే పెట్టె పట్టుకుని మెట్లెక్కాను. ఉత్సవం రోజులు కావు కాబట్టి జనం లేరు. ఒకామె కొవ్వొత్తి వెలిగించి, కొంగుతో గాలికి అడ్డం పట్టుకుని నిలబడింది.

మాత స్వరూపం ముందు కూర్చుని అలవాటు ప్రకారం మొదలుపెట్టాను. గొంతు కాపాడు, రిపోర్టు బాగా రానీ, అంటూ. రెండు మాటలయ్యాక ముందుకు సాగలేదు. చివరికి, "నా వల్ల కావడం లేదమ్మా, నీ కుమారుడికి చెప్పు," అన్నాను. అంతే. ఇంకేమీ అడగలేదు. అడగడం మానేసి ఊరికే కూర్చున్నాను. కింద రైలు పోతున్న చప్పుడు, ఎవరింట్లోనో కుక్కరు కూత. నా భార్య నా కన్నా ముందు దేవుడి బిడ్డ అన్న సంగతి చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ పొద్దున మాత్రం అది నాకే చెప్పినట్టు తోచింది. ఆమెను బతికించే బాధ్యత నాది కాదు, ఆమె పక్కన ఉండడమే నాది అనిపించింది. ఏడుపొచ్చింది, ఆగింది. పెట్టెలో ఐసు కరిగిపోతుందని గుర్తొచ్చి గబగబా దిగాను.

సాయంత్రం ఇంటికెళ్ళి ఆమెతో ఒకటే అన్నాను. "నీ భయమేంటో చెప్పు. నేను ఓదార్చను, నన్నూ ఓదార్చొద్దు."

అప్పుడు చెప్పింది. ఆమెకి చావు గురించి అంత దిగుల్లేదట. ఆపరేషన్ చేస్తే గొంతు పోతుందేమోనని, మళ్ళీ పాడలేనేమోనని భయమట. నేను ఎన్నో ఊహించాను గానీ అది నా ఊహకే రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను. అమ్మాయి కూడా వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. ముగ్గురం పరలోక జపం చెప్పుకున్నాం. ఈ రోజుకి కావలసిన అన్నం ఈ రోజు పెట్టమని అడిగే చోట నా భార్య ఏడ్చేసింది. ఆమె ఏడవడం నేను చూసి ఎన్నేళ్ళయిందో. ఏడ్చాక లేచి ముఖం కడుక్కుని, ఆకలేస్తోందంది.

సెంటర్‌లో రిపోర్టు సిద్ధమైన రోజు నాతో పనిచేసే ఆయన నా దగ్గరికొచ్చి, చెప్పమంటారా అన్నాడు. వద్దన్నాను. ఈసారి ఆమెకంటే ముందు తెలుసుకోవాలని అనిపించలేదు. కవరు అంటించి ఇమ్మని, దాన్ని అలాగే తీసుకెళ్ళి ఇద్దరం డాక్టరుగారి ముందు కూర్చున్నాం. ఆవిడ చదివి, గడ్డ చెడ్డది కాదన్నారు. ఇప్పుడైతే ఆపరేషన్ అక్కర్లేదు, అప్పుడప్పుడూ స్కాన్ తీయించి చూసుకుంటూ ఉండాలి, పెరిగితే తీసేయాల్సి రావచ్చు అన్నారు. పెరిగితే అన్న మాట దగ్గర నేను నా భార్య వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది. బయటికొచ్చాక బండి దగ్గర పునుగులు తిన్నాం. చట్నీలో కారం ఎక్కువైందని ఆమె మంచినీళ్ళ కోసం వెతుక్కుంది.

నా దిగులు పూర్తిగా పోయిందంటే అబద్ధం. అమ్మాయి దగ్గితే ఇప్పటికీ చెవులు అటే పోతాయి. కానీ ఇంటికి సిరంజీలు తేవడం మానేశాను. నా ప్రార్థన కూడా కాస్త పొట్టిదయింది. మధ్యలో మాటలు ఆగిపోతే అలాగే ఆగనిస్తాను. ఆ నిశ్శబ్దంలో ఎవరో వింటున్నారన్న నమ్మకం మొదట్లో కొంచెంగా ఉండేది, ఇప్పుడు ఇంకొంచెం ఉంది.

ఈ వారంలో మళ్ళీ స్కాన్ ఉంది. నిన్న సాయంత్రం కూర తరుగుతూ నా భార్య, "కాస్త భయంగా ఉందండీ," అంది. నేను రెండో కత్తిపీట తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. దొండకాయలు తరగడం అయ్యేదాకా ఆమె చెబుతూ ఉంది, నేను వింటూ ఉన్నాను.