తొంభై ఒక్క ఒకట్లు

నాచారంలో నేను లెక్కలు చెప్పిన కాలేజీ గోడ మీద ఆ ఫ్లెక్సీ ఇంకా ఉంది. బస్సు అటు వెళ్తే మొహం తిప్పుకుంటాను. గోడ ఈ చివర నుంచి ఆ చివరికి బారుగా తొంభై ఒక్క ఒకట్లు. కింద ఎర్ర అక్షరాలు: "ఎవరూ భాగించలేని మహా ప్రధాన సంఖ్య. ఎవరూ విడదీయలేని మన కుటుంబం."

ఆ ఏడాది తొంభై ఒక్క మందికి మంచి సీట్లు వచ్చాయని చెప్పుకున్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో ఒకటి. ఉప్పల్ బ్రాంచి పిల్లల ఫోటోలు కూడా మా లెక్కలోనే వేసుకున్నారు. కుటుంబమట! మార్కులు తగ్గితే వెనక సెక్షన్‌లోకి తోసేసి మళ్లీ మొహం చూడని కుటుంబం.

పందొమ్మిది ఒకట్లు పక్కపక్కన రాస్తే ప్రధాన సంఖ్య అవుతుందని, ఇరవై మూడు రాసినా అవుతుందని ప్రిన్సిపాల్ ఎక్కడో విన్నాడు. అది నిజమే. ఒకటీ, ఆ సంఖ్యా తప్ప మరేదీ వాటిని శేషం లేకుండా భాగించదు. పందొమ్మిది, ఇరవై మూడులాగే తొంభై ఒకటి కూడా దేనితోనూ భాగం పోని బాపతే అనుకున్నాడు, ఆయన చదివిన ఎక్కాల్లో అది తగల్లేదు మరి. కాన్వెంటు ఎక్కాలు పన్నెండుతో సరి. మా బడిలో ఇరవై దాకా పాడించేవారు. ఏడులను "ఏళ్లు" అనేవాళ్లం: పదమూడేళ్లు తొంభై ఒకటి. నా ఇంటర్ పిల్లల చేత కూడా అలాగే పాడించాను. స్టాఫ్ రూంలో నవ్వితే నవ్వనీ.

ఫ్లెక్సీ కట్టిన రోజే ఆయన గదికి వెళ్లాను.

"సార్, అది ప్రధాన సంఖ్య కాదు. సంయుక్త సంఖ్య. దాన్ని భాగించేవి ఉన్నాయి."

"గింత పొడుగు సంఖ్యను ఎవలు భాగించి సూస్తరు మేడం? కాలిక్యులేటర్ల గూడ పట్టది. మన కాలేజికి గదే ప్రధానం, గందుకే ప్రధాన సంఖ్య. పేరెంట్స్ మీటింగుల మైకు పట్టి మీరే జెప్పాలె. లెక్కల మేడం జెప్తే నమ్ముతరు."

"నేను చెప్పలేను సార్."

"మీ కాంట్రాక్టు జూన్‌ల అయిపోతది గదా. జర సోంచాయించుండ్రి."

నాకు ఆ ఉద్యోగం కావాలి. యాభై దాటిన దాన్ని ఇంకో కాలేజీ గడప తొక్కనివ్వదు. ఆ సంగతి తెలిసే అంత మెత్తగా అన్నాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆ రోత వదల్లేదు.

మీటింగు రోజు గ్రౌండులో తొంభై ఒక్క మంది పిల్లల మెడల్లో తలా ఒక "1" అట్టముక్క వేలాడదీశారు. సీట్లు వచ్చినవాళ్లు చాలకపోతే నా క్లాసు పిల్లల్ని తెచ్చి నింపారు. డ్రిల్లు మాస్టారు అలవాటు కొద్దీ ఏడుగురేసి నిలబెట్టాడు. పదమూడు వరుసలు. ఎవరూ మిగల్లేదు. ఏ వరుస చదివినా పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. ఆ వరుసనే పదమూడు సార్లు పక్కపక్కన పేరిస్తే గోడ మీది సంఖ్య. ఇంకేం, ఆ వరుస దాన్ని శుభ్రంగా భాగిస్తుంది. భాగించలేరని గోడ మీద రాసుకుని, భాగించి మరీ ఎండలో నిలబెట్టారు.

మైకు నా చేతికొచ్చింది.

"ఇది ప్రధాన సంఖ్య కాదు. మీ పిల్లలు నిలబడిన తీరు చూస్తే మీకే తెలుస్తుంది," అన్నాను.

ప్రిన్సిపాల్ మైకు లాక్కున్నాడు. ఆపడం మరిచిపోయాడు.

"ఎన్నేండ్ల సంది చేస్తున్నరు మీరు ఈడ? గిన్నేండ్లు మా ఉప్పు తిని గిదా జేసేది?"

మైకు ఇంకా మా ఇద్దరి మధ్యే ఉంది.

"పదమూడేళ్లు," అన్నాను.

ఎవరు మొదలుపెట్టారో తెలీదు, వరుసల్లోంచి నా పిల్లలంతా ఒక్క గొంతుతో అందుకున్నారు: "తొంభై ఒకటి!"