నా ఇంట్లో నేను అద్దెకు దిగిన మంగళవారం

మా ఇల్లు తాకట్టులో పోయింది. మిరప తోటకు పురుగు తగిలిన ఏడాది మా ఆయన ఇంటి కాగితాలు పెట్టి అప్పు తెచ్చాడు. తోటా పోయింది, ఆ తరవాత ఆయనా పోయాడు. కాగితాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. అప్పిచ్చినాయన బీరువాలో భద్రంగా ఉన్నాయి, చివరికి ఇల్లు ఆయన పేరుకు మారింది. ఊరి వరసకు ఆయన నాకు అన్న. అన్న కాబట్టి గెంటలేదు, అదే ఇంట్లో అద్దెకుండమన్నాడు. నేనూ సరేనన్నాను. ఇల్లు మారకుండానే అద్దె మనిషయ్యే యోగం ఎంతమందికి పడుతుంది?

అయితే గురజాల వకీలు ఆయనకొక మాట చెప్పాడట. నేను ఒకసారి సామానుతో సహా బయటికి రావాలి, ఆయన తాళం వేయాలి, మళ్ళీ తీసి చెవి నాకివ్వాలి. అప్పుడే ఇల్లు ఆయన స్వాధీనమైనట్టు, నేను కొత్తగా దిగినట్టు. లేకపోతే నేను అసలు ఇల్లు కదల్లేదని రేపు కోర్టుకెక్కుతానట. నాకొచ్చిన చదువు సంతకం వరకే. నా తెలివి మీద అంత నమ్మకం పెట్టుకున్నది ఆ వకీలొక్కడే.

మంగళవారం పొద్దున్నే మంచం, బియ్యం డబ్బా, గ్యాసు బండ, టీవీ, అన్నీ వీధిలో పెట్టాను. ఇరుగుపొరుగు సాయం పట్టారు. వంటింటి మూల గంపలో కోడి గుడ్ల మీద ఉంది. కదిపితే గుడ్లు మురిగిపోతాయన్నాను.

"ఉండనీలేమ్మా, ఎంతసేపు, మళ్ళీ వచ్చేదేగా" అన్నాడు అన్న. తాళం వేశాడు. లాగి చూశాడు. చెవి జేబులో వేసుకున్నాడు.

నేను చెయ్యి చాపాను.

"ఇయ్యాల మంగళారం గదమ్మా. ఇంటి తాళంచెవి చేతికియ్యగూడదు. రేపొచ్చి తీసుకో" అన్నాడు.

పుచ్చుకోవడానికి వారం అడ్డు రాలేదు, ఇవ్వడానికే వచ్చింది. నాకు నవ్వొచ్చింది. పురుగుమందుల కొట్టాయన ఆ ఇంటిని గోడౌనుకు అడుగుతున్నాడని, నాకన్నా ఎక్కువే ఇస్తానన్నాడని ఊరంతా తెలుసు. ఒక రాత్రి తాళం పడి ఉంటే తెల్లారేసరికి అన్న మనసు ఎటు తిరుగుతుందో? గొడవ పెట్టుకుంటే మొండికేస్తాడు. అందుకని నడివీధిలో మంచం వాల్చుకుని కూర్చున్నాను. టీవీ కూడా పక్కనే ఉంది, కరెంటొక్కటే తక్కువన్నాను. పొరుగువాళ్ళు నవ్వారు. అన్న నవ్వలేదు, అక్కణ్ణుంచి పోనూ లేదు. అన్నాల వేళకు వాళ్ళంతా ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

అప్పుడొచ్చింది అన్న భార్య, మా వదిన, మొగుణ్ణి అన్నానికి పిలవడానికి. ఆమెకు నా సంగతి చెప్పలేదు. కోడి సంగతి చెప్పాను.

వదిన ఆయన వైపు తిరిగింది. "పొదిగే కోడిని నీళ్ళన్నా లేకుండా లోపల పెట్టి తాళమేశావా? ఆ పాపం ఎవురికి సుట్టుకుంటదనుకున్నావ్?"

"మంగళారం చెవి ఇయ్యగూడదే" అన్నాడాయన.

"ఎవురియ్యమన్నారు? తాళం తీసి, చెవి నీ జేబులోనే ఏసుకుని ఇంటికి రా. తాళం తియ్యగూడదని ఏ శాస్త్రంలో ఉందంట?"

పొదిగే కోడి రోజుకొకసారి లేచి ఇన్ని గింజలు తింటే ఎక్కువ. ఒక పూట నీళ్ళు లేకపోతే దానికేమీ కాదు. అది నాకు తెలుసు. ఇంటి నిండా కోళ్ళు పెంచే వదినకు ఇంకా బాగా తెలుసు. ఆమె నా మొహం చూడకుండా కొంగు సర్దుకుంది.

అన్న తాళం తీశాడు. వదిన ఇంటిదారి పట్టింది, వీధిలో ఇంకో మనిషి లేడు. మంచం ఒక కొస నేనెత్తి, రెండో కొస పట్టమన్నాను. పట్టాడు. గుమ్మంలో ఎటు తిప్పాలో తెలియక మోచెయ్యి గీసుకున్నాడు.

"అన్నా, అద్దెకు దిగేవోళ్ళ సామాను ఇంటాయనే మొయ్యాలని మీ వకీలు చెప్పలా?" అన్నాను.

"చెప్పలేదమ్మా" అన్నాడు పాపం, మంచం దించకుండానే.