డ్రమ్ము మీద 1971

ఆ రోజుల్లో మా దృష్టిలో ప్రపంచంలో తేలవలసిన సమస్య ఒక్కటే: రాక్ సంగీతాన్ని మలుపు తిప్పిన సంవత్సరం ఏది? పత్తి ధర, వానలు, మా పెళ్ళిళ్ళు లాంటి చిల్లర విషయాలు పెద్దవాళ్ళు చూసుకుంటారని మా ధీమా. నాందేడ్ స్టేషన్ వెనక ఒక అద్దెగదిలో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను ట్రాక్టరు సామాన్ల దుకాణంలో గుమాస్తాను. మా మేనమామ కొడుకు, అంటే బావ, ధర్మాబాద్ నుంచి వచ్చి కాలేజీలో చదువుతున్నాడు (అని వాళ్ళింట్లో నమ్మేవారు). మూడోవాడు గిటారు వాయించే స్నేహితుడు. భుజాల దాకా జుట్టు ఉండేది కాబట్టి వాడకట్టంతా వాణ్ణి 'బువా' అని పిలిచేది, మరాఠీలో సాధువన్నమాట. సాయంత్రపు ఎండ కిటికీలోంచి వచ్చి గిటారు మీద వాలేది. దూరంగా రైలు కూత వేసేది. మేము మాత్రం ఎప్పుడూ చూడని ఊళ్ళలో, మేము పుట్టకముందు గడిచిపోయిన సంవత్సరాల్లో తిరుగుతుండేవాళ్ళం.

"అరవై తొమ్మిదే," అనేవాడు బువా. "లచ్చలమంది వానల, బురదల కూసొని పాటలు విన్నరు రా! మనోళ్ళు చాప ఎయ్యంది కూసుంటరా?" బావది డెబ్భై ఏడు. "గిటారు మీద మూడు పట్లు వస్తె చాలు, ఎవడన్న స్టేజి ఎక్కచ్చని గా ఏడాదే తెలిసింది" అని వాదించేవాడు (బావకు వచ్చినవి సరిగ్గా మూడే). నాది డెబ్భై ఒకటి. దానికి చాలా గంభీరమైన కారణాలు చెప్పేవాణ్ణి. అసలు సంగతేమిటంటే, నా దగ్గరున్న ఒకే ఒక్క సీడీలో పాటలన్నీ ఆ ఏటివే.

ఇంతలో మేమే ఒక బ్యాండు పెట్టాం. మూతపడిన పెళ్ళి బ్యాండు వాళ్ళ పెద్ద డ్రమ్ము ఒకటి దొరికింది. మెడకు తగిలించుకుంటే మోకాళ్ళు కనబడేవి కావు. దాని మీద పేరు రాయించడానికి పేంటర్ కాకా దగ్గరికి వెళ్ళాం. ఆయన పేరు రాసి, కుంచె పైకెత్తి, "సాల్ జెప్పుండ్రి" అన్నాడు. మా ఊళ్ళో ఏ బ్యాండు డ్రమ్ము మీదైనా స్థాపించిన సంవత్సరం ఉండి తీరాలి. ఎంత పాతదైతే అంత గౌరవం. "పోయిన నెల పెట్టినం కాకా" అంటే ఆయన జాలిగా చూశాడు. "పోయిన నెల పెట్టిన బ్యాండును ఎవడు పిలుస్తడు బిడ్డా? ఏదన్న మంచి సాల్ జెప్పు."

మంచి సాల్! ముగ్గురమూ ఒక్కసారే తలో సంవత్సరం పేరు అరిచాం. మధ్యాహ్నం గడిచింది, కాకా కుంచె ఎండింది, తగవు తెగలేదు. అప్పుడు నేను పెద్దమనిషి తరహాలో, "గొంతులు ఎండిపోయినయ్, మీరిద్దరు చాయ్ పట్టుకరాపోండ్రి" అని వాళ్ళను పంపించాను. వాళ్ళు గ్లాసులతో తిరిగొచ్చేసరికి డ్రమ్ము మీద ఎర్రరంగులో 1971 నిగనిగలాడుతోంది. బావ ఆ చాయ్ తాగలేదు. పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు కూడా.

తప్పు ఊరికే పోదంటారు. ఒకరోజు గది గుమ్మంలో ముఖేడ్ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక ముసలి రైతు నిలబడ్డాడు. పేంటరు దుకాణం ముందు ఆరబెట్టిన మా డ్రమ్మును చూసి, అడుగుతూ వచ్చాడట. "డెబ్భై ఒకట్ల మా లగ్గమయింది. నాందేడ్ కెళ్ళి కొత్త బ్యాండు దెచ్చిండు మా నాయన. 'గీ సాలే పెట్టినం' అన్నరు వాళ్ళు. మారుతి గుడి కాణ్ణుంచి ఇంటికి ఊరేగింపు. పిండి గిర్నీ కాడికి రాంగనే వాన కొట్టింది. మీ తాతలు బాజాలు నెత్తిన వెట్టుకొని ఉరికిండ్రు! నలభై ఏండ్ల సంది మా ముసల్ది 'నాది సగం లగ్గమే' అంటది. అచ్చి మిగిల్న సగం వాయించుండ్రి."

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన కళ్ళు చూసి, "అస్తం తాతా" అన్నాను. బావ మౌనవ్రతం అక్కడే భగ్నమైంది. "సాల్ దొంగతనం జేసినవ్, ఇప్పుడు తాతలను గూడ జేస్తున్నవా?" అన్నాడు.

వెళ్ళాం. గిర్నీ ముందు ఊరంతా చేరింది. బువా గిటారుకు స్పీకరు తీగ తగిలించాడో లేదో కరెంటు పోయింది. మిగిలింది నా మెడలో డ్రమ్ము ఒక్కటే. జనం నవ్వడం మొదలుపెట్టారు. ముసలాయన ముఖం వాడిపోయింది. అప్పుడు ఆయన భార్య, ఆకుపచ్చ చీర కొంగు తల మీదికి లాక్కుని, "ఏందట్ల చూస్తున్నవ్ బిడ్డా? కొట్టు. మబ్బు వడ్తున్నది" అంది. నిజంగానే పడమట మబ్బు పట్టింది. కొట్టాను. నాకు వచ్చిన ఒకే ఒక్క దరువు, నా సీడీలోది. బువా ఈల అందుకున్నాడు, బావ చప్పట్లు వేశాడు. ఆయన ముందు, రెండడుగులు వెనక ఆవిడ, సిగ్గుపడుతూ, నిజంగా సిగ్గుపడుతూ నడిచారు. మట్టివాసన వచ్చింది, చినుకులు పడ్డాయి. ఈసారి మేము పరుగెత్తలేదు. అంత సంతోషం నేను మళ్ళీ ఏ సంగీతంలోనూ ఎరగను.

వాళ్ళింటి గుమ్మం దగ్గర ఆగలేక చెప్పేశాను. "అవ్వా, మేము వాళ్ళం కాదు. వాళ్ళ మనవలం గూడ కాదు."

"ఎరుకే," అంది ఆవిడ, తడిసిన కొంగు పిండుకుంటూ. "వాళ్ళు ఉరికిండ్రు గదా. గా సాల్ ఎవరు రాయించిండ్రు?"

"నేనే."

"మంచి సాలే రాయించినవ్. లోపలికి రాండ్రి, తల తుడుసుకుందురు."

తిరుగు బస్సులో బావ కిటికీలోంచి బయటికే చూస్తూ, "ఇయ్యాల్టికి డెబ్భై ఒకటే" అన్నాడు. తెల్లారేసరికి మళ్ళీ డెబ్భై ఏడుకు వెళ్ళిపోయాడనుకోండి.

ఆ డ్రమ్ము ఇప్పుడు మా ఇంట్లో బీరువా మీద ఉంది. ఆనాడు నా కర్ర ఎక్కువగా తగిలింది చివరి అంకెకేనేమో, అది మొత్తం రాలిపోయి 197 మాత్రమే మిగిలింది. ఇప్పటికీ బావ నాందేడ్ వచ్చినప్పుడల్లా నన్ను చాయ్ పెట్టమని వంటింట్లోకి పంపిస్తాడు. నేను గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆ ఖాళీలో సుద్దముక్కతో 7 రాసి ఉంటుంది. ఒక్క అంకె కోసం అంత ఎత్తు వేసిన ఆ కుర్రవాడే అయితే వెంటనే చెరిపేసేవాడు. నేను చెరపను. చాయ్ చల్లారుతుందని చెప్పి బావ పక్కన కూర్చుంటాను.